ఆఖరి ఐదు మీటర్లు

చేతిలో ఇమిడే జీపీఎస్ పెట్టెను మొదటిసారి చూసినవాళ్లు సాధారణంగా అడిగేవి రెండు ప్రశ్నలు. ఇందులో సిమ్ ఎక్కడ పెడతారు? అంత పైనున్న ఉపగ్రహానికి మనం ఈ చెట్టు కింద నిలబడ్డామని ఎలా తెలుస్తుంది?

రెండోదానికి జవాబు చెబితే మొదటిదానికీ చెప్పినట్టే. ఉపగ్రహానికి తెలియదు. మనమంటూ ఒకరం ఉన్నామనే సంగతే దానికి తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అది రేడియోలో రెండే ముక్కలు పదేపదే చెబుతుంటుంది: నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత. వినేవాడు ఒక్కడున్నా కోటిమంది ఉన్నా దానికి ఒకటే. చేతిలోని రిసీవర్ ఆ మాటలు వింటుంది, లెక్క కడుతుంది, తన చోటు తానే తేల్చుకుంటుంది. పైకి తిరిగి ఒక్క మాట కూడా పంపదు. అందుకే సిమ్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు, సెల్ టవరు అందని అడవిలోనూ అది పనిచేస్తుంది.

ఈ పెట్టె పట్టుకుని డబ్బాలు వెతికే ఆట ఒకటుంది. పేరు జియోక్యాషింగ్. ఒకరు చిన్న నోటుపుస్తకం వేసిన డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. మిగతావాళ్లు వెళ్లి, వెతికి, పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేసి వస్తారు. ప్రపంచమంతటా ఇప్పుడు ఇలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. అంకెలు తెలిసి, దారి చూపే యంత్రం చేతిలో ఉండి, ఇక వెతకడానికేముంది అనిపించడం సహజం. ఉంది. యంత్రం మనల్ని డబ్బా దాకా తీసుకెళ్లదు. నాలుగైదు మీటర్ల ఇవతల వదిలేస్తుంది. ఎందుకు వదిలేస్తుందో, ఆ తర్వాత ఏం చేయాలో చూద్దాం.

ఏడు ముప్పావు ఎకరాల నుంచి ఇంటి స్థలానికి

జీపీఎస్ అమెరికా సైన్యం తన కోసం కట్టుకున్న వ్యవస్థ. మొదటి ఉపగ్రహం 1978లో పైకి వెళ్లింది. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని అక్కడి యుద్ధవిమానం కూల్చేసింది. ఆ తర్వాతే, వ్యవస్థ పూర్తయ్యాక అందరూ ఉచితంగా వాడుకోవచ్చని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. ఉచితమే గానీ ఒక మెలిక పెట్టారు. సామాన్యులు వినే సంకేతంలో సమయాన్ని కావాలనే కాస్త అటూ ఇటూ చేసి పంపేవారు. శత్రువు దీన్ని ఆధారం చేసుకుని గురి చూడకూడదని. ఈ ఏర్పాటు పేరు సెలెక్టివ్ అవైలబిలిటీ. దీనివల్ల మామూలు రిసీవర్ చూపే చోటు వంద మీటర్ల దాకా తప్పేది.

వంద మీటర్లంటే ఎంత? ఆ వ్యాసార్థంతో వృత్తం గీస్తే అందులో సుమారు 7 ముప్పావు ఎకరాలు పడతాయి. అంత నేలలో టిఫిన్ డబ్బా అంత వస్తువును వెతకమంటే ఎవరూ ఆట అనరు. అదే తేడా ఐదు మీటర్లకు తగ్గితే, వెతకాల్సిన జాగా సుమారు 94 చదరపు గజాలు. ఒక చిన్న ఇంటి స్థలం. ఒక సాయంత్రం సరిపోతుంది, ఓపిక ఉంటే.

ఈ మార్పు నెమ్మదిగా రాలేదు. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ ప్రకటన చేశారు, ఆ అర్ధరాత్రి దాటగానే మెలిక తీసేశారు. ప్రపంచంలోని జీపీఎస్ పెట్టెలన్నీ, ఎవరూ ముట్టుకోకుండానే, దాదాపు పది రెట్లు మెరుగయ్యాయి. మే 3న, ఓరెగన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు పోర్ట్‌లాండ్‌కు దగ్గర్లోని బీవర్‌క్రీక్ అడవిలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను దాచాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, వీడియో, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా, వచ్చినవాళ్లు రాయడానికి నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నాయి. చోటు అంకెలను జీపీఎస్ ఆసక్తిపరుల మధ్య ప్రకటించి ఒక్కటే నియమం పెట్టాడు: ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి. మూడు రోజుల్లో ఇద్దరు దాన్ని కనుక్కున్నారు. వాళ్లలో మైక్ టీగ్ మొదటివాడు. ఆ నెలాఖరుకే జియోక్యాషింగ్ అన్న పేరు పుట్టింది.

ఉల్మర్ ఆ బకెట్‌ను సగం భూమిలో పాతిపెట్టాడు. ఈనాటి నియమాల ప్రకారం స్థలం సొంతదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప గుంత తవ్వి దాచకూడదు. అంటే ఆ అనుమతి లేకపోతే ఆటకు మూలపురుషుడి డబ్బాను కూడా ఇప్పుడు నమోదు చేయనివ్వరు.

ఉరుము లెక్క

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టడం మన పల్లెల్లో చాలామందికి అలవాటు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున, తొమ్మిది సెకన్లు పడితే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల పడిందని అర్థం. జీపీఎస్ చేసేదీ ఈ లెక్కే, శబ్దానికి బదులు రేడియో తరంగంతో. అది సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనక, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం మాట మనకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు చాలు. ఉరుము ఎప్పుడు బయల్దేరిందో చెప్పడానికి మెరుపు ఉంది. ఇక్కడ మెరుపు లేదు. అందుకని ఉపగ్రహం తన మాటలోనే బయల్దేరిన సమయాన్ని చేర్చి పంపుతుంది.

దూరం తెలిస్తే చోటు ఎలా తెలుస్తుంది? ఒక ఊరు హైదరాబాద్‌కు నేరుగా కొలిస్తే సుమారు 125 కిలోమీటర్లు, విజయవాడకు సుమారు 130 కిలోమీటర్లు అన్నాననుకోండి. మ్యాపు మీద ఆ రెండు దూరాలతో రెండు వృత్తాలు గీయండి. అవి రెండు చోట్ల కలుస్తాయి. ఒకటి సూర్యాపేట దగ్గర, రెండోది దానికి దక్షిణాన మిర్యాలగూడ ప్రాంతంలో. వరంగల్‌కు 90 కిలోమీటర్ల పైచిలుకు అని ఇంకొక్క ముక్క చేరిస్తే మిర్యాలగూడ వైపు కొట్టుకుపోతుంది, ఎందుకంటే అక్కడి నుంచి వరంగల్ అంతకంటే చాలా దూరం. మిగిలింది సూర్యాపేట. ఆకాశంలో వృత్తాల బదులు గోళాలు వస్తాయి గానీ పద్ధతి ఇదే. మూడు గోళాలు కలిసే రెండు బిందువుల్లో ఒకటి నేల దగ్గర ఉంటుంది, రెండోది ఎక్కడో అంతరిక్షంలో పడుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

మరి మూడు ఉపగ్రహాలు సరిపోవాలి కదా? సరిపోవు. ఇక్కడ గడియారం అడ్డొస్తుంది. కాంతి సెకనులో పది లక్షల వంతు కాలంలో 300 మీటర్లు పోతుంది. ఉపగ్రహాల్లో సీజియం, రుబిడియం పరమాణు గడియారాలున్నాయి గనక వాటితో ఇబ్బంది లేదు. మన చేతిలోని పెట్టెలో ఉన్నది చేతి గడియారంలో ఉండేలాంటి చవక క్వార్ట్జ్ పలుకు. దాని తప్పుతో లెక్క వేస్తే మనం పక్క జిల్లాలో తేలతాం.

ఇంజనీర్లు దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఈ వ్యవస్థ మొత్తంలో చాలా ఇష్టమైన భాగం. మన గడియారం ఎంత తప్పితే అన్ని దూరాలూ ఒకే కొలత మేరకు తప్పుతాయి. కాబట్టి నాలుగో ఉపగ్రహాన్ని కూడా వింటే నాలుగు గోళాలూ ఒకే బిందువులో కలవవు, ఎక్కడో సందు మిగులుతుంది. రిసీవర్ తన గడియారాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఆ సందు మూసుకుపోయే సమయం కోసం చూస్తుంది. నాలుగూ కలిసిన చోట స్థలం దొరుకుతుంది, దాంతోపాటే సరైన సమయమూ దొరుకుతుంది. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే బుల్లి పెట్టె కాసేపు పరమాణు గడియారమంత కచ్చితంగా సమయం చెబుతుందన్నమాట, పైసా ఖర్చు లేకుండా.

పై గడియారాలకూ వాటి తిప్పలు వాటికున్నాయి. ఐన్‌స్టీన్ చెప్పినట్టు, భూమ్యాకర్షణ తక్కువగా ఉన్నచోట గడియారం వేగంగా నడుస్తుంది, వేగంగా కదిలే గడియారం నెమ్మదిస్తుంది. రెండూ కలిపితే జీపీఎస్ ఉపగ్రహం గడియారం రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. దిద్దకుండా వదిలేస్తే చోటు రోజుకు పది కిలోమీటర్లకు మించి జారిపోతుంది. అందుకే ప్రయోగానికి ముందే దాన్ని ఆ మేరకు నెమ్మదిగా నడిచేలా సర్దుతారు.

ఇంతా చేసి గడియారాలే ఆగిపోతే? శ్రీహరికోట నుంచి 2013 జులై 1న ఇస్రో పంపిన మన మొదటి దిక్సూచి ఉపగ్రహానికి అదే జరిగింది. విదేశం నుంచి తెచ్చి పెట్టిన మూడు రుబిడియం గడియారాలూ కొన్నేళ్లలో పాడయ్యాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది గానీ చోటు చెప్పడానికి పనికిరాకుండా పోయింది. మన దేశంలో తయారైన రుబిడియం గడియారంతో నావిక్ (మన దిక్సూచి వ్యవస్థ పేరు) మొదటి ఉపగ్రహం 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి వెళ్లింది.

అంకెలు కొట్టేటప్పుడు

జియోక్యాషింగ్‌లో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతుల్లో రాస్తారు. చార్మినార్ ఉత్తర అక్షాంశం సుమారు 17 డిగ్రీల 21.696 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద సుమారు 1,850 మీటర్లు. కాబట్టి ఆఖరి అంకె ఒకటి మారితే మనం రెండు మీటర్లలోపు జరుగుతాం. వెతుకులాటకు అంతకన్నా సన్నని అంకె అనవసరం.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది దశాంశ చుక్క దగ్గర. 21.450 నిమిషాలను 21 నిమిషాల 45 సెకన్లుగా కొడితే అర కిలోమీటరు పైచిలుకు పక్కకు పోతారు. నిమిషానికి అరవై సెకన్లు, 0.450 నిమిషం అంటే 27 సెకన్లే. రిసీవర్ సెట్టింగుల్లో ఏ పద్ధతి ఉందో ముందే చూసుకోవాలి.

ఇంకో ఉచ్చు మన దేశంలో మరీ ఎక్కువ. భూమి కచ్చితమైన బంతి కాదు, కాస్త నొక్కుకుపోయిన గోళం. దాని ఆకారాన్ని ఒక్కో కాలంలో ఒక్కో విధంగా లెక్కగట్టారు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు 1830 నాటి ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే లెక్క. పాత షీటు మీద చదివిన అంకెలను నేరుగా పెట్టెలో కొడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు మించి తేడా వస్తుంది. మెలిక ఉన్న రోజుల దగ్గరికి మళ్లీ వెళ్లినట్టే.

బాణం తిరిగేచోట

సరైన అంకెలు కొట్టి బయల్దేరారు. తెర మీద బాణం, దాని కింద మిగిలిన దూరం. 300 మీటర్లు, 120, 40 అంటూ చక్కగా తగ్గుతూ వస్తుంది. 10 దగ్గరికి వచ్చి ఆగగానే బాణం తూర్పు చూపి, దక్షిణం చూపి, వచ్చిన దారినే చూపిస్తుంది. పెట్టె పాడైందనుకుంటారు. పాడవలేదు. చవక రిసీవర్లలో అయస్కాంత దిక్సూచి ఉండదు. ఇంతకుముందు ఎక్కడున్నాం, ఇప్పుడు ఎక్కడున్నాం అన్న తేడా నుంచి అది దిక్కును పసిగడుతుంది. నిలబడిపోతే ఆ తేడా ఉండదు, మిగిలేది లెక్కలోని వణుకు మాత్రమే. బాణం ఆ వణుకునే చూపిస్తుంది. లోపల దిక్సూచి ఉన్న ఖరీదైన పెట్టెలు నిలబడ్డా దిక్కు చెబుతాయి, అయితే సెల్స్ మార్చినప్పుడల్లా దాన్ని తిప్పి సరిచేసుకోవాలి.

ఆ వణుకు ఎక్కడిది? సంకేతం భూమిని చేరేముందు అయనావరణం గుండా రావాలి. సూర్యకాంతికి విద్యుదావేశం పొందిన ఆ గాలిపొరలో తరంగం కాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం గంట గంటకూ మారుతుంది. తర్వాత చెట్లు. ఉల్మర్ అడవిలో ఉన్నవి డగ్లస్ ఫర్ లాంటి ఆకాశమెత్తు చెట్లు, ఏడాదిలో సగం నెలలు వానకు తడిసి ఉంటాయి. తడి ఆకు జీపీఎస్ సంకేతాన్ని బాగా మింగేస్తుంది. లోయలో, కొండ పక్కన, ఎత్తైన భవనాల మధ్య ఇంకో గొడవ: సంకేతం గోడకు కొట్టుకుని చుట్టుదారిన వస్తుంది. రిసీవర్ దాన్ని నేరుగా వచ్చిందనుకుని ఎక్కువ దూరం లెక్కగడుతుంది. ఉపగ్రహాలన్నీ ఆకాశంలో ఒకే వైపు గుమిగూడి ఉన్నా తప్పు పెరుగుతుంది. వృత్తాలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకోవాలి, పక్కపక్కనే ఒరుసుకుంటే కలిసే చోటు సాగిపోతుంది.

వీటన్నిటికీ మించి చాలామంది మరిచిపోయేది ఒకటుంది. దాచినవాడి పెట్టెలోనూ ఇదే వణుకు ఉంది. అతను ఐదు మీటర్లు తూర్పుకు తప్పి రాసుకున్నాడు, మీరు ఐదు మీటర్లు పడమరకు తప్పి చదువుతున్నారు. ఇద్దరూ నిజాయితీపరులే, మధ్యలో పది మీటర్లు. అందుకే చక్కగా దాచేవాడు తన అంకెలను ఒక్కసారి చూసి రాసేయడు. పెట్టెను డబ్బా మీద ఉంచి కాసేపు సగటు తీయనిస్తాడు, వీలైతే వేరే రోజు వేరే వేళకు మళ్లీ వచ్చి తీస్తాడు. అప్పటికి ఉపగ్రహాల అమరిక మారుతుంది, పై పొర మారుతుంది, తప్పులు ఒకదాన్నొకటి కొంత చెరుపుకుంటాయి.

వెతికేవాళ్లకూ ఉపాయాలున్నాయి. ఇరవై మీటర్ల దూరం నుంచి ఆగకుండా నడుస్తూ బాణం ఏ చెట్టును చూపుతోందో గుర్తుపెట్టుకోండి. చుట్టూ తిరిగి వెళ్లి మరో వైపు నుంచి అదే పని చేయండి. రెండు గీతలు కోసుకునే చోట మొదలుపెట్టి, పెట్టెను జేబులో వేసేయండి. ఈ ఆటలో అందరికన్నా ఆలస్యంగా వచ్చే విద్య ఇదే: తెర మీద నుంచి కళ్లు తీయడం. ఆకులు లేని కొమ్మలను సమానంగా పేర్చినట్టు ఎక్కడుంది? ఒక్క రాయి మీదే నాచు లేదెందుకు? నేను దాచాలంటే ఎక్కడ దాస్తాను? చోటు ప్రకటనలో డబ్బా పరిమాణం ఉంటుంది, వెతకడం ఎంత కష్టమో, నడక ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో ఉంటుంది. ముందు ఆ వివరాలు చదవాలి. వేలి గోరంత గొట్టం కోసం వెతుకుతున్నామా, సైనికుల తూటాల ఇనప్పెట్టె కోసమా అన్నది తెలియకపోతే కళ్లు దేనికోసం చూడాలో వాటికే తెలియదు.

ఫోను చాలదా? ఊళ్లో చాలు. ఇప్పుడు ఎక్కువమంది ఫోనుతోనే ఆడుతున్నారు. చేతి రిసీవర్ గొప్పదనం కొలతలో కన్నా గట్టిదనంలో ఉంది. వానలో తడిసినా, రాయి మీద పడినా తట్టుకుంటుంది, ఎండలో తెర కనిపిస్తుంది, చల్లటి చోట చేతి తొడుగులతోనే బొత్తాలు నొక్కవచ్చు, రెండు సెల్స్‌తో పొద్దుటి నుంచి రాత్రి దాకా నడుస్తుంది. ఒక్క చోట మాత్రం ఫోను ముందుంటుంది. చాలాకాలం వాడని రిసీవర్‌కు ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పంచాంగం కావాలి. దాన్ని ఉపగ్రహాలు సెకనుకు 50 బిట్ల చొప్పున నత్తనడకన చెబుతాయి, మొత్తం వినడానికి 12 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. ఫోను ఆ పంచాంగాన్ని సెల్ నెట్‌వర్క్ నుంచి చిటికెలో తెచ్చుకుంటుంది. అందుకే అడవి అంచున బండి దిగగానే పెట్టెను ఆన్ చేసి, పైన ఆకాశం కనిపించే చోట కదలకుండా ఉంచి, ఆ తర్వాత బూట్లు కట్టుకోవడం మంచిది.

మన ఆకాశం, మన నేల

అయనావరణం అల్లరి మన దేశంలో ఎక్కువ. భూమి అయస్కాంత మధ్యరేఖ మన ద్వీపకల్పం దక్షిణ కొస మీదుగా పోతుంది. తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టడానికి కారణం కూడా అదే. ఆ రేఖకు దగ్గర్లో, ముఖ్యంగా సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, పొద్దుగూకాక పై పొరలో బుడగల్లాంటి అల్లకల్లోలాలు లేచి సంకేతాన్ని మిణుకుమిణుకుమనిపిస్తాయి. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే వ్యవస్థ కట్టాయి. నేల మీది కేంద్రాలు ఆలస్యాన్ని కొలిచి, దిద్దుబాట్లను ఉపగ్రహం ద్వారా ప్రసారం చేస్తాయి. రెండు పౌనఃపున్యాలు వినే కొత్త రిసీవర్లకు ఇంకో దారి ఉంది. ఆలస్యం ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, రెంటినీ పోల్చి చాలావరకు తీసేయగలవు.

మన దగ్గర ఈ ఆటకు అసలు అడ్డంకి సాంకేతికం కాదు. అమెరికా, జర్మనీలతో పోలిస్తే ఇక్కడ డబ్బాలు చాలా తక్కువ. రైల్వే స్టేషన్లో దిక్కులేని సంచి కనిపిస్తే ముట్టుకోవద్దని మైకులో రోజూ వింటాం. వంతెన కింద మూత బిగించిన డబ్బా పెట్టి పదే పదే వచ్చి చూసుకునే మనిషిని పోలీసులు అడక్క మానరు, అడగాల్సిందే కూడా. పాశ్చాత్య దేశాల్లోనూ ఇలాంటి డబ్బాలను బాంబులని అనుమానించి పేల్చేసిన ఘటనలున్నాయి. స్థలం సొంతదారు అనుమతి, డబ్బా మీద అదేమిటో స్పష్టంగా రాసిన చీటీ, గుడి, బడి, వంతెన, స్టేషన్ల జోలికి పోకపోవడం. ఇవి లేకుండా ఇక్కడ డబ్బా దాచడం బుద్ధి తక్కువ పని అంటాను. తినే వస్తువులు అసలు పెట్టకూడదు, కోతులు మనకన్నా ముందే కనిపెడతాయి.

చట్టం విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. వినడమే తెలిసిన జీపీఎస్ రిసీవర్ వేరు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పెట్టె వేరు. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, ఒకే కంపెనీ రెండూ చేస్తుంది. రెండోదాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు కొందరు విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్నారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవాళ్లు కొండల్లో నడకకు పనికొస్తుందని అలాంటిది సంచిలో వేసుకోకపోవడం మేలు.

డబ్బా లేకుండానే ఆడే పద్ధతి మన నేలకు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఎర్త్‌క్యాష్ అంటారు, అమెరికా భూవిజ్ఞాన సంఘం తోడ్పాటుతో 2004లో మొదలైంది. అంకెలు మనల్ని ఒక భూవిజ్ఞాన విశేషం ముందు నిలబెడతాయి. అక్కడ చూసి, కొలిచి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, గండికోట లోయ, హైదరాబాద్ చుట్టూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు ఇందుకు తగిన చోట్లు. తిరుమల ఘాట్‌రోడ్డు పక్కన కొండ కోతలో అతి పురాతన గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు పరిచి కనిపిస్తాయి, రెంటి మధ్య కోట్ల ఏళ్ల కాలవిరామం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. అక్కడికి ప్రశ్నలు రాయాలంటే నేనైతే ఇలా మొదలుపెడతాను: రెండు రాళ్లు కలిసే గీత ఎక్కడుంది? కింది రాయికి పొరలు ఉన్నాయా, లేవా? పై పొరలు ఏ దిక్కుకు, ఎంత వాలుగా ఉన్నాయి?